మీరు కోరిన పాట

రేడియో కేంద్రముల చరిత్రలో అన్నిటికంటె చిన్న పత్రము పాట కోరుచు శ్రోత వ్రాసిన పోస్టుకార్డు. దానిపై ఉండెడివి మూడే సంగతులు: వ్రాసినవారి పేర్లు, వారి ఊరు, కోరిన పాట. ఆ పాట వారికి తెలియనిది కాదు, నోటికి వచ్చినదే. కొందరి యింట ఆ రికార్డు కూడ ఉండెడిది. అయినను కార్డు కొని, వ్రాసి, వారముల తరబడి ఎదురుచూచెడివారు. తెలిసిన పాటను మరల వినుటకు ఇంత ప్రయాస యెందుకు? తాము మెచ్చినదానిని పదిమంది వినవలెననియు, దానిని మెచ్చినది తామని పదిమందికి తెలియవలెననియు గల కోరికయే ఇందుకు కారణము. చూచుటకు అల్పముగ నున్న ఈ కోరిక ఒకప్పుడు మన దేశపు సంగీత ప్రసారముల విధానమునే మార్చివేసినది. ఆ కథ యెట్టిదో చూతము.

పాటను కోరుట రేడియోతో పుట్టినది కాదు. పూర్వము ఏ పాట వినవలెనో నిర్ణయించు అధికారము కచేరి చేయించినవారిది. దివాణములో జమీందారు, దేవాలయములో ఉత్సవము నడిపించు పెద్దలు, పెండ్లియింట ఆడపెండ్లివారు చెప్పినది పాట. మిగిలినవారు విని తల యూపవలసినదే. తెలుగునాట ఈ అధికారము సామాన్యుని చేతికి వచ్చినది నాటకశాలలో. నేల టిక్కెట్టు కొని కూర్చున్నవాడు నచ్చిన పద్యమునకు ‘వన్స్‌మోర్’ అని కేక వేసిన, మహారాజు వేషధారియైనను తిరిగి పాడవలసినదే. చనిపోయి పడియున్న పాత్ర లేచి, పద్యము మరల పాడి, మరల చనిపోయినదని మనవారు చెప్పుకొనెడి హాస్యకథ దీనినుండి పుట్టినదే. అయితే ఆ కేకకు ఒక హద్దు కలదు. అది నాటకశాల దాటి పోదు; తెల్లవారిన వెనుక మిగులదు. ఆ హద్దును తొలగించినది గ్రామఫోను.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన గాయకుల కంఠములను రికార్డు చేసినాడు. వారిలో మిక్కిలి పేరొందినది గౌహర్ జాన్. పాట ముగియగానే ఆమె తన పేరును తానే ఇంగ్లీషులో ప్రకటించెడిది. అది గర్వముచేత చేసినది కాదు. ఆ కాలమున రికార్డులు అచ్చయినది జర్మనీలోని హానోవర్ పట్టణమున. అక్కడి పనివారికి ఆ పాట ఎవరిదో తెలియుటకు పేరు పాటతోనే ప్రయాణము చేయవలసివచ్చినది. 1908లో కలకత్తాలోని సియాల్దా ప్రాంతమున కర్మాగారము వెలసిన పిదప రికార్డులు ఈ దేశముననే తయారైనవి. ఆ రికార్డులకు ముఖ్యద్రవ్యము లక్క. మన అడవులలో చెట్లకొమ్మలపై చిన్న పురుగులు కూర్చిన లక్క ఓడలెక్కి పోయి, మన పాటనే మోసికొని తిరిగి వచ్చెడిదన్నమాట.

పది అంగుళముల రికార్డు ఒక ప్రక్కకు రమారమి మూడు నిమిషములు మాత్రమే పాడును. గంటసేపు రాగమును విస్తరించుటకు అలవాటుపడిన విద్వాంసులకు ఇది పెద్ద సంకటము. పల్లవి ఎత్తుకొనుటకే చాలని కాలములో రాగము, కీర్తన, ముగింపు అన్నియు ఇమడవలెను. సంకోచించి దూరముగ నిలిచినవారు కొందరు. సారమును పిండి మూడు నిమిషములలో పోసినవారు మరికొందరు. ఆ నిర్బంధమునుండియే పాట సులభముగ చేతులు మారునట్టి వస్తువైనది. కచేరిని ఎవరును పొరుగువానికి ఎరువీయలేరు, ప్లేటును ఈయగలరు.

తెలుగువారి యిండ్లకు గ్రామఫోనును రప్పించిన ఆకర్షణలో నాటకపద్యములది పెద్దపాలు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు మొదలగు నటుల గానము ప్లేట్లమీద ఊరూర తిరిగినది. నాటకము చేరని పల్లెకు పద్యము చేరినది. తరువాత సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గార్ల లలితగీతములు వచ్చినవి. కరుణశ్రీ పద్యములను ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గానము చేసిన ‘పుష్పవిలాపము’ రికార్డు పుస్తకము తెరవనివారి చేత కూడ పద్యమును పాడించినది. వీధికి ఒక యింట గ్రామఫోను ఉన్న చాలును. కీ ఇచ్చి, ముల్లు మార్చి, ప్లేటు పెట్టగానే అరుగు నిండెడిది. ప్లేటు యజమానిది, పాట వాడవారందరిది.

ఈ సందర్భమున ఆల్బమ్ అను మాట పుట్టుక కూడ తెలిసికొనదగినది. మూడు నిమిషములలో ఇమడని దీర్ఘరచనలను అనేక రికార్డులపై ముద్రించి, వానిని ఫోటోల పుస్తకమువలె అట్టసంచులుగ కూర్చి పాశ్చాత్యులు అమ్మెడివారు. 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ నిమిషమునకు 33⅓ చుట్లు తిరిగెడి లాంగ్‌ప్లే రికార్డును వెలువరించినది. ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పాడగల ఆ రికార్డు వచ్చిన పిదప, పుస్తకము పోయినను పేరు నిలిచినది. మన దేశమున 1963లో వెలువడిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతము ఈ లాంగ్‌ప్లే రికార్డుల ఘనతకు మంచి నిదర్శనము.

ఇక రేడియో. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమై తెలుగువారికి కూడ తొలి ఆకాశవాణి అయినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. నిజాము కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరి హైదరాబాదు కేంద్రమైనది. అరుగు మీది గ్రామఫోను వాడకు వినిపించిన, రేడియో రాష్ట్రమంతటికి వినిపించినది. కాని ఒక భేదము కలదు. అరుగు మీద ఏ ప్లేటు పెట్టవలెనో పొరుగువాడు అడుగగలడు. రేడియోను ఎట్లు అడుగుట?

ఈ ప్రశ్నకు ఇంగ్లండు యుద్ధకాలమున ఒక సమాధానము చెప్పినది. 1942 జనవరి 29న బి.బి.సి.లో రాయ్ ప్లోమ్లీ అను ఆయన ఒక క్రొత్త కార్యక్రమమును ఆరంభించినాడు. నిర్జన ద్వీపమున ఒంటరిగ చిక్కుపడినచో మీ వెంట ఏ ఎనిమిది రికార్డులు ఉండవలెనని ప్రముఖులను అడుగుట దాని పద్ధతి. ఒంటరితనమును ఊహించి పాటలను ఎన్నుకొనుట, ఆ యెన్నికను దేశమునకంతకు వినిపించుట ఇందలి చమత్కారము. 1945లో ‘ఫ్యామిలీ ఫేవరెట్స్’ వచ్చినది. జర్మనీలోని సైనికులు ఇంటివారికొరకును, ఇంటివారు సైనికులకొరకును పాటలు కోరెడివారు. కోరినపాట ఉత్తరము చేయు పనిని చేయగలదని ఆ కార్యక్రమము రుజువు చేసినది.

మన దేశమున కథ మరియొక త్రోవ పట్టినది. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతమునందు గొప్ప అభిమానము కలవాడు. సినిమాపాట జనుల అభిరుచిని చెడగొట్టుచున్నదని ఆయన దృఢవిశ్వాసము. అందువలన ఆకాశవాణిలో సినిమాపాటల వ్యవధిని తగ్గించి, వానిని ఏరి ప్రసారము చేయవలెననియు, గాయకుల పేరు చెప్పవచ్చును గాని చిత్రము పేరు చెప్పరాదనియు నియమములు ఏర్పడినవి. చిత్రము పేరు చెప్పుట ప్రకటన యగునని వాదము. నిర్మాతలు ఆగ్రహించి ప్రసారపు హక్కులను వెనుకకు తీసికొన్నారు. కొలది నెలలలోనే సినిమాపాట ఆకాశవాణినుండి దాదాపు అంతర్ధానమైనది.

కేస్కరుగారిని పరిహసించుట సులభము. న్యాయముగ చూచినచో ఆయన భయము నిరాధారము కాదు. సంస్థానములు పోయినవి, జమీందారీలు పోవుచుండెను. విద్వాంసులను పోషించువారెవరు? ఆ భారమును ప్రభుత్వము వహింపవలెనని ఆయన తలచినాడు. 1952 జూలైలో మొదలైన జాతీయ సంగీత కార్యక్రమము దక్షిణాది విద్వాంసులను ఉత్తరాదికిని, ఉత్తరాది విద్వాంసులను దక్షిణాదికిని పరిచయము చేసినది. ఇది శాశ్వతమైన మేలు. అయితే మంచి సంగీతమును వడ్డించుట వేరు. ఇష్టమైనదానిని విస్తరిలోనుండి తీసివేయుట వేరు. ఆకలిగొన్నవాడు పొరుగింటికి పోవును.

ఆ పొరుగిల్లు సింహళము. రెండవ ప్రపంచ యుద్ధములో సైనికులకొరకు కొలంబోలో నెలకొల్పిన బలమైన షార్ట్‌వేవ్ ప్రసారయంత్రములు యుద్ధానంతరము రేడియో సిలోనుకు దక్కినవి. 1952 డిసెంబరులో అక్కడినుండి ‘బినాకా గీత్‌మాలా’ ఆరంభమైనది. దానిని నడిపిన అమీన్ సయానీ అప్పటికి ఇరువది యేండ్ల యువకుడు. మొదటి కార్యక్రమమునకే తొమ్మిదివేల ఉత్తరములు వచ్చినవనియు, కాలక్రమమున వారమునకు అరువదియైదు వేలకు పెరిగినవనియు ఆయన తరువాత చెప్పియున్నారు. సయానీ 2024 ఫిబ్రవరిలో పరమపదించినప్పుడు దేశమంతయు ఆ కంఠమును తలచుకొన్నది. తెలుగుపాటలకు కూడ సిలోనులో తావు లభించినది. మీనాక్షి పొన్నుదురై గారి ప్రకటనలు మన శ్రోతలకు చిరపరిచితములు.

ఉత్తరముల వెల్లువలో మరుగున నున్న ఊళ్లు వెలికి వచ్చినవి. నాటి బీహారులో, నేటి ఝార్ఖండులో నున్న ఝుమ్రీతలయా మన గూడూరు ప్రాంతమువలెనే అభ్రకపు గనులకు పేరొందిన చిన్న పట్టణము. అక్కడి శ్రోతలు ఎన్ని పాటలు కోరినారనగా, ఆ ఊరిని ఎన్నడు చూడనివారికి కూడ దాని పేరు కంఠస్థమైనది. అభ్రకమువలన రాని కీర్తి పోస్టుకార్డువలన వచ్చినది!

ప్రజల రుచిని కాదనుట వలన అది మారలేదు. కేంద్రము మాత్రము మారినది. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించినది. సినిమాపాట సగౌరవముగ ఇంటికి తిరిగి వచ్చినది. సైనికులు కోరిన పాటలకు ‘జయమాల’ ఏర్పడినది. వివిధభారతి తెలుగు ప్రసారములలో ‘జనరంజని’ ద్వారా ప్రముఖులు తమకు నచ్చిన పాటలను తామే పరిచయము చేసి వినిపించినారు. ఒక గాయకుడు మరియొక గాయకుని పాటను మెచ్చుకొనుట విన్నప్పుడు శ్రోతకు కలిగెడి ఆనందము వేరు. మన అభిమానమునకు పాత్రుడైనవాడు మెచ్చినది కనుక, మనకు నచ్చని బాణీని కూడ మరియొకమారు ఆలకింతుము.

కేస్కరుగారి ఆశయము సైతము వ్యర్థము కాలేదనుటకు మన కేంద్రములే సాక్ష్యము. విజయవాడలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు తీర్చిదిద్దిన భక్తిరంజని వేకువనే తత్త్వములను, కీర్తనలను ఇంటింటికి చేర్చినది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు లలితసంగీతమునకు గౌరవస్థానము కల్పించినారు. ఈ పాటలను మొదట ఎవరును కోరలేదు. వినిన తరువాతనే కోరినారు. రేడియో ధర్మమునకు రెండు ముఖములు కలవని దీనివలన తేలుచున్నది: కోరినదానిని ఇచ్చుట ఒకటి, కోరుటకు తగినదానిని పరిచయము చేయుట మరియొకటి. ఒకదానికొరకు రెండవదానిని విడిచిన కేంద్రము బోధకుడైన కాగలదు, అంగడియైన కాగలదు. మిత్రుడు మాత్రము కాజాలదు.

కోరినపాటల వేళ శ్రోతలకు నేర్పిన పాఠము ఇంకొకటి కలదు. తన పాటకొరకు కూర్చున్నవాడు దానికి ముందు వచ్చెడి అయిదారు పాటలను వినక తప్పదు. త్యాగరాజకీర్తన ప్రియుడు హాస్యగీతమును, హాస్యగీత ప్రియుడు విషాదగీతమును విన్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందమని సామెత. పరుల పిచ్చిలో కూడ ఆనందము కలదని ఈ నిరీక్షణ తెలిపినది. ఒకే రేడియో గల యింటిలో తాతగారి రుచికిని మనుమరాలి రుచికిని సంధి కుదిర్చినది ఇదియే. ఇష్టము లేని పాటను మూడు నిమిషములు ఓర్చుకొనుట చిన్న మర్యాద. ఆ మూడు నిమిషములలో ఒకానొకప్పుడు ఇష్టము కలుగుట పెద్ద లాభము.

నేడు పాట వినుటకు ఎవరిని అడుగనక్కరలేదు. క్యాసెట్టు వచ్చి పాటను చౌక చేసినది. సెల్‌ఫోను దానిని జేబులో పెట్టినది. వెనుక మెచ్చినదానిని గుర్తుంచుకొని, అటువంటి పాటనే ముందుంచు యంత్రములు కూడ వచ్చినవి. సౌకర్యము గొప్పదే. కాని ఆ సౌకర్యము మన రుచిని మనకే తిరిగి వడ్డించును. పొరుగువాని రుచిని అడుగుటకు అవకాశమీయదు. చెవిలో తీగ పెట్టుకొని నలుగురు నాలుగు పాటలు వినెడి యింటిలో పాటలకు లోటు లేదు. కలిసి వినుటకే లోటు. ఇందుకు యంత్రమును నిందింపనక్కరలేదు. మీకు నచ్చిన రికార్డు ఏదో, అది ఎందుకు నచ్చినదో ఇంటివారికి చెప్పుడు. వారికి నచ్చినదానిని అడిగి వినుడు. పెద్దవారు పిన్నలనడిగిన మరియు మంచిది.

గౌహర్ జాన్ పాట చివర తన పేరు చెప్పెడిది, దూరదేశపు పనివాడు పొరబడకుండుటకు. అర్ధశతాబ్దము తరువాత పాటకు ముందు శ్రోతల పేర్లు వినవచ్చినవి. పాడినవారి పేరు నిలుచుట న్యాయమే. వినినవారి పేరు కూడ ఒక్క నిమిషము ఆకాశమున మ్రోగుట ఆ పోస్టుకార్డు సాధించిన ఘనకార్యము.