'భీష్మించుకుని కూర్చోవడం': ఈ మాట ఎలా పుట్టింది?

చిన్నప్పుడు సైకిల్ కొనిస్తేనే అన్నం తింటానని నేను అరుగు మీద కూర్చుంటే, మా నాయనమ్మ "ఏంట్రా, అట్లా భీష్మించుకుని కూర్చున్నావ్?" అనేది. అది తిట్టో, మెచ్చుకోలో అప్పుడు అర్థం కాలేదు. ఈ రోజు ఆ మాట సంగతి చూద్దాం.

సంస్కృతంలో 'భీ' అంటే భయం. 'భీష్మ' అంటే భయంకరమైన అని అర్థం. మహాభారతంలో భీష్ముడి అసలు పేరు దేవవ్రతుడు. తండ్రి శంతనుడు సత్యవతిని ఇష్టపడ్డాడు. ఆమె తండ్రి దాశరాజేమో, తన కూతురి కొడుకే రాజు కావాలని షరతు పెట్టాడు. దేవవ్రతుడు వెళ్లి, నాకు రాజ్యం వద్దన్నాడు. "సరే, రేపు నీ పిల్లలు ఊరుకుంటారా?" అన్నది దాశరాజు డౌట్. అయితే అసలు పెళ్లే చేసుకోనని ఒట్టు పెట్టాడు. అంత భయంకరమైన ప్రతిజ్ఞ చేశాడు కాబట్టే భీష్ముడయ్యాడు.

11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కోరిక మీద నన్నయ తెలుగులోకి తెచ్చిన ఆదిపర్వంలో ఈ కథ ఉంది. ప్రేమకి 'ఇంచు' చేరితే ప్రేమించు అయినట్టే, మన వాళ్లు భీష్ముడి పేరునే క్రియ చేసేశారు: భీష్మించు!

మరి త్యాగం చేసిన మనిషి పేరు మొండితనానికి ఎందుకు వాడుతున్నాం? నాకైతే జవాబు కథ రెండో సగంలో కనిపిస్తుంది. సత్యవతి కొడుకులిద్దరూ వారసులు లేకుండానే చనిపోయారు. అప్పుడు సత్యవతే స్వయంగా భీష్ముణ్ని అడిగింది, రాజ్యం తీసుకో, వంశం నిలబెట్టు అని. ఎవరి కోసం ఒట్టు పెట్టాడో వాళ్లే వదిలేయమన్నారు. అయినా వదల్లేదు. చివరికి వ్యాసుడి వల్ల ధృతరాష్ట్రుడు, పాండురాజు పుట్టారు. వాళ్ల పిల్లల గొడవే కురుక్షేత్రం.

అంటే ఫ్రెండ్స్, మొదటిసారి వద్దన్నప్పుడు అది తండ్రి కోసం. రెండోసారి వద్దన్నప్పుడు? తన మాట కోసం. పట్టుదల, మొండిపట్టు రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

ఇంతకీ నా సైకిల్ రాలేదు. సాయంత్రానికి ఆకలేసి నేనే లేచి లోపలికెళ్లా. నాయనమ్మ ఏమీ అనకుండా కంచం పెట్టింది.

ఇంకో మాటతో మళ్లీ కలుద్దాం. ఉంటాను!