రేకు మోతకు లెక్కుంది

పటాన్‌చెరు పరిశ్రమల చరిత్ర ఎవరు చెప్పినా నక్కవాగు దగ్గర ఆగుతారు. ఆగాల్సిందే. ఫ్యాక్టరీల మురుగు వాగునూ పొలాలనూ పాడుచేసింది, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కానీ నీళ్ల రంగు మారితే కంటికి కనబడుతుంది. మోత షిఫ్టుతోపాటే ఆగి, తన ఆనవాలును కార్మికుడి చెవిలో మాత్రమే వదులుతుంది. అందుకే యంత్రం ఉన్నచోట అది తప్పదనుకున్నాం. ఆ అనుకోవడమే తప్పు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ షెడ్లు లేచేనాటికే రేకు మోతను ముందుగా లెక్కగట్టే విద్య ఉంది.

ఇసుక చల్లిన పలక అంచును ఫిడేలు కమానుతో మోగిస్తే ఇసుక కదలని గీతల మీదికి చేరుతుందని 1787లో శాస్త్రవేత్త క్లాడ్నీ తన పుస్తకంలో చూపాడు. ఆ ఊగుడుకు సమీకరణం కట్టి గణితవేత్త సోఫీ జెర్మైన్ 1816లో పారిస్‌లో బహుమతి గెలిచింది. ఊగే తలం నుంచి గాలిలోకి శబ్దం ఎంత చేరుతుందో 1878 నాటికి భౌతికశాస్త్రవేత్త రేలీ సూత్రీకరించాడు. ఘనమీటరు ఉక్కు 7,800 కిలోలకు పైనే, గాలి 1.2 కిలోలే; అంత తేలికైన గాలి రేకు ఊగుడును పెద్దగా మార్చదు, కాబట్టి ముందు రేకు ఊగుడు, తర్వాత శబ్దం అని రెండు మెట్లలో లెక్క సాగుతుంది. నీళ్లలో ఆ వెసులుబాటు లేదు.

రేకు మందం పెంచితే సరిపోదా అంటారు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఒక పౌనఃపున్యానికి దిగువన, రేకులో ఉబ్బే చోటు గాలిని నెడితే పక్కనే కుంగే చోటు లాక్కుంటుంది. మోత చాలావరకు అక్కడే చెల్లిపోతుంది. ఆ హద్దు దాటితే ధారాళంగా బయటపడుతుంది. 1 మిల్లీమీటరు ఉక్కు రేకుకు హద్దు దాదాపు 12,000 హెర్ట్జ్. 10 మిల్లీమీటర్లకు 1,200, అంటే మన మాటల శ్రేణిలోకే దిగివస్తుంది. అందుకే ఊగుడును పీల్చే పూత కొన్నిచోట్ల మందం కన్నా మేలు.

కంప్యూటర్లు లేని రోజుల్లో ఇదెలా సాధ్యమనే ప్రశ్న న్యాయమైనదే. పక్కబద్దెలు, వెల్డింగులు, రంధ్రాలు ఉన్న రేకుకు కంప్యూటర్ కావాలి. ఆ పౌనఃపున్య హద్దు మాత్రం, శబ్దశాస్త్రవేత్త క్రెమర్ 1942లో వివరించాక, కాగితం మీద తేలేదే. చెవి బిరడాలు ఉన్నాయిగా అంటే, అవి రేకును మార్చవు. 1987లో ఫ్యాక్టరీల చట్టం మోత వల్ల వచ్చే చెవుడును నమోదు చేయాల్సిన జబ్బుల్లో చేర్చింది; 2000 నాటి నిబంధనలు పారిశ్రామిక ప్రాంతానికి పగలు 75, రాత్రి 70 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. రెండూ మోత పుట్టాక కొలిచేవే. లెక్క మాత్రం రేకు కోయకముందే, డ్రాయింగ్ మీదే పనిచేస్తుంది. ఆ లెక్క నేర్చుకునే చోటు కూడా దూరం కాదు. ఉక్కు పలకల మధ్య సైనికులు కూర్చునే సరత్ యుద్ధవాహనాలు తయారయ్యే ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలోనే 2008లో ఐఐటీ హైదరాబాద్ తరగతులు మొదలయ్యాయి. ఆ ఐఐటీ ఇప్పుడు కందిలో ఉంది, రామచంద్రాపురం షెడ్లకు మరీ దూరమేమీ కాదు.