పాము చుట్టలోంచి సైక్లోన్

గోదావరి లంకల్లో దాన్ని గాలివాన అంటారు, తుపాను అంటారు. సముద్రం ఊరి మీదికొస్తే ఉప్పెన. ‘సైక్లోన్’ దొరల మాటే గానీ, దాని పుట్టుకలో కోరంగికీ వాటా ఉంది.

కాకినాడకు దక్షిణాన గోదావరి పాయ మీదున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లకు, సొంతూరు ఏదైనా సరే, ‘కోరంగీలు’ అన్న పేరు పడిందంటే దాని పలుకుబడి ఎంతటిదో! 1789 డిసెంబరులో మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ రేవును ముంచేశాయి. తేరుకున్నాక 1839 నవంబరులో మరో ఉప్పెన. అందులో మూడు లక్షల మంది పోయారని పుస్తకాలు ఒకదాన్ని చూసి మరొకటి రాస్తుంటాయి. నాకైతే నమ్మబుద్ధి కాదు.

కలకత్తాలో స్థిరపడ్డ హెన్రీ పిడింగ్టన్ ఒకప్పుడు ఓడ కెప్టెన్. తుపానులో చిక్కి బయటపడ్డ ఓడల లాగ్ పుస్తకాలు సేకరించి, ఏ గంటకు ఏ ఓడ ఎక్కడుంది, గాలి ఎటునుంచి వీచింది అని పటం మీద గుర్తులు పెట్టేవాడు. 1839 నాటి కోరంగి తుపానునూ అలాగే పరిశీలించి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. గాలి సుడి తిరుగుతుందని విలియం రీడ్ వంటివాళ్లు అప్పటికే చెప్పారు. దానికి తగ్గ పేరే లేదు. ఉన్న పేర్లన్నీ గాలి జోరును చెప్పేవే. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో పిడింగ్టన్ గ్రీకు ‘కుక్లోస్’ నుంచి సైక్లోన్ అన్నాడు. పాము చుట్ట అన్నది ఆ మాటకున్న అర్థాల్లో ఒకటి. చుట్ట గుండ్రంగానే కనిపిస్తుంది, కొలిస్తే వృత్తం కాదు. తుపానూ అంతే. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

పుస్తకంతో పాటు, అవతల ఉన్నది కనబడేంత పలచని కొమ్ము రేకుల మీద గాలి చుట్లు గీయించి ఇచ్చాడు. రేకును పటం మీద పెట్టి, ఓడకు తగిలే గాలిని దాని మీది గీతతో సరిపోల్చాలి. మన సముద్రంలో తూర్పుగాలి తగిలితే తుపాను కన్ను సుమారుగా దక్షిణాన ఉన్నట్టు, ఉత్తరగాలైతే తూర్పున. దాన్నిబట్టి చుక్కాని తిప్పుకోవాలి.

గాలితో పాటు వచ్చే నీటినీ ఆయన మరవలేదు. కలకత్తా దగ్గర మాట్లా నది మీద కొత్త రేవు కడతామంటే, ఉప్పెన ముంచుతుందని 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. ఎవరూ వినలేదు. కట్టిన క్యానింగ్ రేవును 1867 తుపాను పాడుచేసింది. అప్పటికి పిడింగ్టన్ పోయి తొమ్మిదేళ్లు.