మాట వెనుక కథ: రోగ్‌లైక్

తెలుగువాళ్ల నోట ‘రోగ్’ ఒక తిట్టు. కంప్యూటర్ ఆటల లోకంలో మాత్రం అది ఒక పెద్ద కుటుంబానికి ఇంటిపేరు.

1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ యూనిక్స్ కంప్యూటర్ల కోసం ‘రోగ్’ ఆట రాశారు. తర్వాత కెన్ ఆర్నాల్డ్ తోడయ్యాడు. ఇందులో బొమ్మలుండవు. రాక్షసులంతా ఇంగ్లిష్ పెద్దక్షరాలే. నేలమాళిగ ప్రతి ఆటకూ మారిపోతుంది. చస్తే మళ్లీ మొదటి నుంచీ ఆడాల్సిందే.

ఆ బాటలో ‘మోరియా’, ‘హ్యాక్’, 1987లో ‘నెట్‌హ్యాక్’ వచ్చాయి. రోగ్ లాంటివి కనుక వీటికి ‘రోగ్‌లైక్’ అనే పేరు స్థిరపడింది.

మరి ఎంత పోలిక ఉంటే ‘లాంటిది’ అనొచ్చు? 2008లో బెర్లిన్‌లో కలిసిన డెవలపర్లు ఒక లక్షణాల జాబితా రాసుకున్నారు. దాని పేరు ‘బెర్లిన్ ఇంటర్‌ప్రిటేషన్’. ఆ ఏడాదే డెరెక్ యూ ‘స్పెలంకీ’ తెచ్చాడు. గుహలు మారతాయి, చావు శాశ్వతం. కానీ రోగ్‌లా వంతులవారీ ఆట కాదు, పరుగులూ గెంతులూ! 2013లో ‘రోగ్ లెగసీ’ వచ్చింది. చనిపోయినా సంపాదన వారసుడికి దక్కే ఈ ఆటను దాని కర్తలే ‘రోగ్‌లైట్’ అన్నారు.

ఏది అసలైన రోగ్‌లైక్ అని పాత ఆటల అభిమానులు నేటికీ వాదించుకుంటారు. వాదన మంచిదే. కానీ సరదాకొద్దీ ఆట తయారుచేసిన కుర్రవాడు అభిప్రాయం అడిగితే, అది ఏ జాతిదో తేల్చడంతో ఆగకండి. ఎక్కడ చచ్చారో, ఎందుకు మళ్లీ మొదలుపెట్టారో చెప్పండి. అతనికి పనికొచ్చేది అదే.