పండగ బల్ల మీది తెల్ల లేసు

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే ఫోను తెరిస్తే చాలు, ముస్తాబైన బల్లలే కనిపిస్తాయి. తెల్లటి లేసు గుడ్డ, మధ్యలో కొవ్వొత్తులు, పక్కన మెరిసే గాజు బంతులు, వెనకాల చెట్టు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. క్రిస్మస్ చేసుకోని ఇళ్ళలో కూడా ఇప్పుడు చిన్న చెట్టొకటి వెలుస్తోంది. పిల్లలు అడిగితే మనం మాత్రం ఏం చేస్తాం!

ఇదంతా ఎప్పటి నుంచో వస్తున్న ఆచారం అనుకుంటాం. చదివితే తెలిసింది, ఇందులో చాలా భాగం ఒక్క పదేళ్ళలో, అంటే 1840ల్లో, ఒక రూపానికి వచ్చిందని. చెట్టు అంతకన్నా పాతదే. జర్మన్ మాట్లాడే ప్రాంతాల ఆచారం అది. 1605లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్ళలో చెట్లు నిలిపి, కాగితం గులాబీలు, యాపిల్ పళ్ళు కట్టారని ఒకరు రాసిపెట్టారు. 1800లో ఇంగ్లండ్ రాణి షార్లెట్ విండ్సర్‌లో ఒక చెట్టు పెట్టించింది. ఆవిడా జర్మనీ ఆడపడుచే. అయినా మామూలు ఇళ్ళకి అది అంతగా పాకలేదు. 1848 డిసెంబరులో ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్, పిల్లలు ఒక చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ వేసింది. అక్కడి నుంచి మధ్యతరగతి వాళ్ళంతా అందుకున్నారు. రెండేళ్ళకి, 1850లో, అమెరికాలో ఆడవాళ్ళు చదివే గోడీస్ లేడీస్ బుక్ అనే పత్రిక అదే బొమ్మని కాస్త మార్చి అచ్చేసింది. రాణి తల మీద కిరీటం తీసేశారు, ఆల్బర్ట్ మీసం తీసేశారు. అంతే, రాజకుటుంబం కాస్తా పక్కింటి వాళ్ళయిపోయింది! ఆడవాళ్ళ పత్రికల చేతివాటం అప్పటి నుంచే ఉందన్నమాట.

మొదటి క్రిస్మస్ కార్డు, డికెన్స్ 'క్రిస్మస్ కారల్' రెండూ 1843లోనే వచ్చాయి. అలా ఇంటిని ముస్తాబు చెయ్యడం కూడా పండగలో పెద్ద భాగమైపోయింది. ముస్తాబు చేసే పని ఎవరి మీద పడిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఆ ఇల్లాలు బల్ల మీద పెట్టుకున్న వస్తువులు ఎక్కడివి? వాటిని ఇంకో ఇల్లాలు తన ఇంట్లో కూర్చుని చేసింది. నన్ను పట్టుకున్న సంగతి ఇదే.

ముందు గాజు బంతుల సంగతి. జర్మనీలో థురింగియా కొండల్లో లౌషా అని ఒక ఊరుంది. 1597 నుంచి అక్కడ గాజు పనే బతుకుతెరువు. 1840ల నాటికి చెట్టుకి వేలాడదీసే గాజు బంతులు ఊదడం మొదలెట్టారు. పనంతా ఇంట్లోనే. భర్త దీపం మంట దగ్గర గాజు ఊదుతాడు, భార్య లోపల వెండి నీళ్ళు పోసి ఊపి పూత పట్టిస్తుంది, పిల్లలు రంగులేసి కొక్కేలు తగిలిస్తారు. తర్వాత ఆడవాళ్ళే ఆ గాజంతా గంపల్లో పెట్టుకుని, వీపున మోసుకుంటూ జోన్నెబెర్గ్ పట్టణం దాకా వెళ్ళి వ్యాపారులకి ఇచ్చేవాళ్ళు. గాజు గంప వీపున పెట్టుకుని కొండ దిగడం ఒక్కసారి ఊహించుకోండి. అమెరికా దుకాణదారు వూల్‌వర్త్ 1880లో ఇవి అమ్ముడుపోతాయో లేదోనని సందేహిస్తూనే 25 డాలర్ల సరుకు కొన్నాడట. రెండు రోజుల్లో ఖాళీ. తర్వాత ఆయన సంపన్నుడు అవ్వడంలో ఈ బంతుల వాటా కూడా ఉంది. లౌషా ఆడవాళ్ళు మాత్రం గంప మోస్తూనే ఉన్నారు.

ఇప్పుడు బల్ల మీది లేసు దగ్గరికొద్దాం. ఇది మన గోదావరి దాకా వస్తుంది.

ఒకే ఒక్క కొక్కెం సూదితో దారాన్ని ముడులు ముడులుగా లాగుతూ అల్లే పనిని క్రోషె అంటారు. 1840ల చివర్లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఘోరమైన కరువొచ్చింది. అప్పుడు క్రైస్తవ సన్యాసినులు, కలిగినింటి ఆడవాళ్ళు పేద స్త్రీలకి క్రోషె నేర్పించారు. ఆ లేసు అమ్మిన డబ్బుతో ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది. దాదాపు అదే కాలంలో, 1844లో, మన నరసాపురానికి స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పడం మొదలుపెట్టారు. ముందు నేర్చుకున్నది ఎక్కువగా దళిత కుటుంబాల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళిన స్త్రీలు. అల్లినవి మిషనరీల ద్వారానే విదేశాలకి చేరేవి.

తర్వాత మెల్లగా కాపు కుటుంబాల్లోకీ ఈ పని వెళ్ళింది. అప్పట్లో వాళ్ళలో గోషా ఉండేది. ఆడది పొలంలో కూలికి వెళ్తే ఇంటి పరువు పోతుందనేవాళ్ళు. లేసయితే గడప దాటక్కర్లేదు, ఎవరి కంటా పడక్కర్లేదు. 'మా ఇంటి ఆడవాళ్ళు పనికి వెళ్ళరు, ఊరికే కూర్చుని లేసు అల్లుకుంటారు' అని గొప్పగా చెప్పుకోవచ్చు. ఈ 'ఊరికే కూర్చుని' అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కంతా.

మా మేనత్త వాళ్ళది నరసాపురం పక్కన పల్లెటూరు. చిన్నప్పుడు సంక్రాంతి సెలవలకి వెళ్తే, అత్త మాతో కబుర్లు చెబుతున్నా, పొయ్యి మీద అన్నం వైపు ఓ కన్నేసి ఉంచినా, చేతులు మాత్రం ఆగేవి కావు. దారపు ఉండ ఒళ్ళో పాత రేకు డబ్బాలో ఉండేది, నేల మీద పడి మాసిపోకుండా. మాసిన లేసుకి ఏజెంటు డబ్బు కోసేవాడు. అందుకని చింతపండు పిసికినా, పసుపు ముట్టుకున్నా, సబ్బుతో చెయ్యి కడుక్కుని గానీ సూది పట్టేది కాదు. అత్త అల్లేది పువ్వులే. వాటిని కలిపి పెద్ద గుడ్డగా చేసే అతుకుపని వేరేవాళ్ళది. దాంతో తను అల్లిన పువ్వులు చివరికి బల్ల గుడ్డ అయ్యాయో, దుప్పటి అయ్యాయో అత్తకి తెలిసేది కాదు. ముప్పై అయిదేళ్ళకే కళ్ళజోడు వచ్చింది. 'తోచుబడికి అల్లుతుంది' అనేవాడు మావయ్య. ఆ తోచుబడి డబ్బుతోనే మా బావకి పరీక్ష ఫీజు కట్టారు.

1977, 78 ప్రాంతంలో మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి చూశారు. ఆవిడదీ జర్మనీయే. ఆవిడ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. పేరు 'నరసాపురం లేసు అల్లేవాళ్ళు' అని చెప్పుకోవచ్చు, ఉపశీర్షికలో 'ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తున్న భారతీయ గృహిణులు' అని ఉంటుంది. లక్ష మందికి పైగా ఆడవాళ్ళు ఆ పరిశ్రమలో ఉన్నారని ఆవిడ అంచనా. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవాళ్ళు, అదీ వంటా వార్పూ అంతా అయ్యాక. చేతికొచ్చేది సగటున రోజుకి రూపాయి కూడా కాదు. వ్యవసాయ కూలీ స్త్రీలకి అప్పుడు ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలి కంటే చాలా తక్కువ. దారం తెచ్చిచ్చే ఏజెంట్లు, సరుకు ఓడ ఎక్కించే ఎగుమతిదారులు ఎక్కువగా మగవాళ్ళు. వాళ్ళది వ్యాపారం, వీళ్ళది కాలక్షేపం! పని చేస్తున్న మనిషిని 'గృహిణి' అని పిలిచినంతకాలం ఆ పనికి సరైన కూలి ఇవ్వక్కర్లేదని ఆవిడ తేల్చారు. ఆ పుస్తకం గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మావయ్య మాటే.

మనకీ ఇది దూరపు సంగతేం కాదు. జనాభా లెక్కల్లో 'ఇంటి పనులు' అన్నది పని చెయ్యనివాళ్ళ కిందే వస్తుంది. సంక్రాంతికి తెల్లవారుజామున చలిలో లేచి పేడకళ్ళాపి చల్లి, వంగి వంగి ముగ్గు పెట్టి, గొబ్బెమ్మలు చేసి, పిల్లలకి బొమ్మల కొలువు మెట్లు సర్ది, అరిసెల పాకం పట్టి, మధ్యాహ్నానికి నడుం పట్టేసి కూర్చుంటే, 'పండగ పూట హాయిగా ఉన్నావు' అనే వాళ్ళుంటారు. ఇంట్లోవాళ్ళ కోసం మన చేత్తో చేసుకునే పనిలో సంతోషం ఉందనే నేనూ అంటాను. నేను ముగ్గు స్టిక్కరు అంటించే రకం కాదు. కానీ ఆ సంతోషాన్ని చూపించి పక్కవాళ్ళ కూలి తగ్గించడం మాత్రం ఒప్పుకోలేను.

గోదావరి ఇళ్ళలోకి లేసు మరో దారిన కూడా వచ్చింది. ఎగుమతికి పనికిరాదని తీసేసిన ముక్కలు, మిగిలిన దారంతో అల్లినవి అన్నీ ఇంట్లోనే ఉండిపోయేవి. రేడియో మీద గుడ్డ, పాలగిన్నె మీదకి అంచుకి పూసలు కట్టిన మూత, గుమ్మానికి తోరణం, పరికిణీ అంచు. మా అత్త బొమ్మల కొలువు మెట్ల మీద పరిచే గుడ్డ కూడా అలా అతికిందే, ఒక పువ్వుకీ ఇంకో పువ్వుకీ పోలిక ఉండేది కాదు. నాకైతే దానికంటే అందమైన కొలువు గుడ్డ ఇంకోటి కనిపించలేదు.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. వేరే చోట చేసిన సరుకుని ఆ పేరు పెట్టి అమ్మకూడదు. ఆ గుర్తింపు ఊరి పేరుని కాపాడుతుంది, అల్లిన మనిషి కూలి సంగతి మాత్రం అందులో ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాలి. అసలైన క్రోషెని పెద్ద ఎత్తున అల్లే యంత్రం ఇప్పటికీ వాడుకలోకి రాలేదు. యంత్రం మీద వచ్చేవి దాన్ని పోలిన లేసులే. అంటే మాల్‌లో అగ్గువగా దొరికే క్రోషె చాప అయినా సరే, ఎవరో ఒకరు చేత్తో అల్లిందే. కొనేటప్పుడు ధర చూసి, ఒక్క పువ్వు అల్లడానికి ఎంతసేపు పడుతుందో లెక్కేసుకోండి. నరసాపురం వైపు వెళ్తే నేరుగా అల్లేవాళ్ళ దగ్గరే కొనండి, బేరం ఆడకండి.

ఇంట్లో పాత లేసు గుడ్డ ఉంటే ఈ పండక్కి బయటికి తియ్యండి. ఒకసారి తిరగేసి చూస్తే అతుకుపని ముడులు చేతికి తగులుతాయి. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిండకుండా చేత్తో అదిమి నీళ్ళు తీసెయ్యండి. పల్చటి గంజి పెట్టి, తువ్వాలు మీద పరిచి, పువ్వులు సరిచేసి నీడలో ఆరబెట్టండి. దండెం మీద వేస్తే మాత్రం బరువుకి సాగిపోతుంది.