నుదుటి అంచు: జుట్టు నాటడంలో సహజత్వం కోసం సాగిన అన్వేషణ

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌ను సౌదీ అరేబియాలో 'జిరాఅత్ అష్‌షఅర్' అంటారు. జుట్టు సాగు అని ఆ అరబీ మాటకు అర్థం. జిరాఅత్ మనకు పూర్తిగా కొత్త మాట కాదు. మన రెవెన్యూ రికార్డుల్లోని 'జిరాయితీ' భూమికి మూలం అదే. ఈ పోలిక శస్త్రచికిత్సకు బాగా అతుకుతుంది. తల వెనుక భాగం నారుమడి, ముందు భాగం నాట్లు వేసే పొలం. తేడా ఒక్కటే. వరి సాళ్ళు తిన్నగా ఉంటే రైతుకు పేరొస్తుంది. జుట్టు వరుసలు తిన్నగా ఉంటే వైద్యుడి పరువు పోతుంది. నుదురు ముగిసి జుట్టు మొదలయ్యే అంచు, అంటే హెయిర్‌లైన్, ఎవరో నాటినట్టు కనిపించకూడదు. ఈ విషయం వైద్యశాస్త్రానికి ఒంటబట్టడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఈ చరిత్ర జపాన్‌లో మొదలవుతుంది. 1939లో షోజి ఒకుడా అనే చర్మవైద్యుడు, కాలిన గాయాల వల్ల జుట్టు రాలిపోయిన చోట, కనుబొమల మీద, చిన్న గుండ్రని పనిముట్టుతో తీసిన వెంట్రుకల చర్మాన్ని నాటిన పద్ధతిని వివరంగా ప్రచురించాడు. 1943లో హజిమె తమురా మరింత ముందుకు వెళ్ళి, స్త్రీలలో గుహ్యరోమాల లోపాన్ని సరిదిద్దడానికి ఒక్కొక్క వెంట్రుకను విడిగా నాటాడు. చిన్న ముక్కలు నాటితేనే ఫలితం సహజంగా ఉంటుందన్న గ్రహింపు ఆయన పనిలో అప్పుడే ఉంది. కాని ఆ పత్రాలు జపాన్ భాషలో, యుద్ధకాలంలో వెలువడ్డాయి. పాశ్చాత్య వైద్యులకు అవి చాలాకాలం అందలేదు.

1952లో న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఒరెన్‌ట్రైక్ మగవారి బట్టతలపై ఇదే తరహా ప్రయోగం చేశాడు. 1959లో ఫలితాలు ప్రచురించాడు. ఆయన స్థాపించిన సూత్రం ఇప్పటికీ ఈ చికిత్సకు పునాది. వెంట్రుక తన స్వభావాన్ని పుట్టిన చోటు నుండి తెచ్చుకుంటుంది, నాటిన చోటు నుండి కాదు. తల వెనుక, పక్కల ఉండే జుట్టు బట్టతలకు లొంగదు కనుక, దాన్ని ముందుకు తెచ్చి నాటినా రాలిపోదు.

సూత్రం సరైనదే, రూపం మాత్రం కుదరలేదు. ఆ తరువాతి దశాబ్దాల్లో వాడుకలో స్థిరపడిన గ్రాఫ్ట్ సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. ఒక్కో ముక్కలో పదికి పైగా వెంట్రుకలు గుత్తిగా లేచేవి, చుట్టూ చర్మం బోసిగా ఉండేది. బొమ్మల తలకు కుట్టిన జుట్టులా ఉందన్న ఎగతాళి అలా పుట్టింది. వెంట్రుక బతికింది, కాని చేయించుకున్న మనిషి టోపీ తీయడానికి వెనుకాడాడు.

మార్పు 1980లలో మొదలైంది. ముక్కలు చిన్నవయ్యాయి. 1984లో హెడింగ్టన్ అనే వైద్యుడు తలచర్మాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి, వెంట్రుకలు ఒకటి నుండి నాలుగు వరకు చిన్న కట్టలుగా పెరుగుతాయని వర్ణించాడు. టెక్సస్‌లో బాబీ లిమ్మర్ ఆ కట్టలను సూక్ష్మదర్శిని కింద చెడకుండా విడదీయడం మొదలుపెట్టాడు. 1995లో బెర్న్‌స్టైన్, రాస్‌మన్‌లు ఆ సహజమైన కట్టనే నాటే ప్రమాణంగా తీసుకోవాలని ప్రతిపాదించారు.

అప్పుడే హెయిర్‌లైన్‌ను నిజంగా పరికించి చూడడం సాధ్యమైంది. తేలింది ఏమిటంటే, అది గీత కాదు, ఒక పలుచని ప్రాంతం. మొదటి రెండు మూడు వరుసల్లో ఒంటి వెంట్రుకలు ఎగుడుదిగుడుగా ఉండాలి. వాటి వెనుక రెండేసి, ఆ వెనుక మూడు, నాలుగేసి కట్టలు రావాలి. నుదుటి దగ్గర వెంట్రుక నిటారుగా లేవదు, ముందుకు వాలి ఉంటుంది. కణతల వద్ద కిందికి తిరిగి చర్మాన్ని అంటి ఉంటుంది. పెద్దవాడైన మగవాడి అంచు కనుబొమల మధ్య నుండి సాధారణంగా 7 నుండి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, రెండు మూలల్లోనూ కొంత వెనక్కి జరుగుతుంది. ఆ మూలలు పూడ్చేస్తే నలభై ఏళ్ళ ముఖం మీద పదిహేనేళ్ళ నుదురు వచ్చి కూర్చుంటుంది. నల్లని, దళసరి జుట్టున్న అరబ్బుల్లోనూ మనవారిలోనూ ముందు వరుసలో ఒక్క గుత్తి పడినా కంటికి తగులుతుంది.

సౌదీ అరేబియాలో ఈ చికిత్స మరొక ప్రశ్నను కూడా ఎదుర్కొంది. జుట్టుకు పరాయి జుట్టు అతికించుకోవడాన్ని హదీసులు నిషేధించాయి. సృష్టిని మార్చడం తప్పన్న భావన కూడా ఉంది. మరి జుట్టు నాటించుకోవచ్చా? ఖసీమ్ ప్రాంతంలోని ఉనైజాకు చెందిన ప్రసిద్ధ ధర్మవేత్త ముహమ్మద్ ఇబ్న్ ఉసైమీన్ (మరణం 2001) అనుమతించాడు. ఇది పోయినదాన్ని తిరిగి తేవడం, లోపాన్ని తొలగించడం. లేని అందాన్ని చేర్చడం కాదు అన్నది ఆయన తర్కం. కుష్ఠురోగి, బట్టతలవాడు, అంధుడు అనే ముగ్గురి వద్దకు దేవదూత వచ్చిన హదీసును ఆయన ఆధారంగా చూపాడు. అందులో దేవదూత తల నిమరగానే బట్టతలవాడికి చక్కని జుట్టు వస్తుంది. జెద్దా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2007 జులైలో మలేషియాలోని పుత్రజయలో చేసిన తీర్మానం కూడా ఈ దారిలోనే నడిచింది. రాలిన జుట్టును, ముఖ్యంగా స్త్రీల విషయంలో, తిరిగి నాటడాన్ని అనుమతించి, కేవలం మోజుతోనో అనుకరణతోనో రూపం మార్చుకోవడాన్ని కాదంది.

పునరుద్ధరణ వేరు, చేర్పు వేరు అన్న ఈ విభజన మతం గీసినదే అయినా, శస్త్రచికిత్స గదిలోనూ పనికొస్తుంది. కారణం లెక్కలో ఉంది. తల వెనుక నుండి జీవితకాలంలో తీయగల కట్టలు కొన్ని వేలు మాత్రమే. తీసిన చోట మళ్ళీ మొలవవు. బట్టతల మాత్రం నాటిన రోజున ఆగిపోదు. పెళ్ళిచూపులకు ముందు పాతికేళ్ళ యువకుడు నుదుటి మీదికి దించి గీయించుకున్న అంచు, నలభై అయిదేళ్ళ నాటికి వెనుక జుట్టంతా పోయి, ఒంటరి గట్టులా మిగలవచ్చు. అప్పుడు పూడ్చడానికి నారు ఉండదు. రోగి కోరినదానికన్నా ఒక సెంటీమీటరు పైన అంచు గీసే వైద్యుడు ఆ రేపటి కోసం నారు మిగులుస్తున్నాడు.

సౌదీలో మరో పరీక్ష కూడా ఉంది. హజ్, ఉమ్రా ముగించిన మగవారు తల గొరిగించుకుంటారు లేదా జుట్టు కత్తిరించుకుంటారు. గొరిగితే నాటిన వేళ్ళకు హాని లేదు, జుట్టు మళ్ళీ వస్తుంది. కాని పాత పద్ధతిలో తల వెనుక చర్మాన్ని పట్టీలా కోసి తీస్తే, ఆ పొడవాటి మచ్చ గొరిగిన తలపై దాగదు. 2002 నాటి రాస్‌మన్ బృందం పత్రంతో ప్రచారంలోకి వచ్చిన ఎఫ్.యు.ఇ. పద్ధతిలో కట్టలను ఒక్కొక్కటిగా తీస్తారు. మిగిలేవి చిన్న చుక్కలే. తిరుమలలో తలనీలాలు ఇచ్చే మొక్కు ఉన్న తెలుగువారికీ ఈ వివేచన అవసరమే. వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు అంచు ఎంత కిందికి వస్తుందని అడగడం సహజం. గుండు చేయించుకున్న రోజున ఏం కనిపిస్తుంది, ఇరవై ఏళ్ళ తరువాత ఈ అంచు వెనుక ఏం మిగులుతుంది అన్నవి కూడా అడగదగిన ప్రశ్నలు.