తిరుత్తణి నిత్యసుమంగళి: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

మూలం: తిరుత్తణి నిత్యసుమంగళి కుంభహారతి ఎత్తి, దేవుణ్ణి దెప్పి, చట్టం వచ్చాక మెట్లు దిగింది; మాతమ్మ కొండకిందే మిగిలింది.

తిరుత్తణి: సుబ్రహ్మణ్యస్వామి ఆరు పడైవీడు క్షేత్రాల్లో ఒకటి. కొండకు 365 మెట్లు. యుద్ధం ముగించిన స్వామి కోపం ఇక్కడే చల్లారిందని స్థలపురాణం. 1960 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు చిత్తూరు జిల్లాలోది. సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రానికి వెళ్లి, ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు ఇళ్లు నేటికీ ఉన్నాయి. కాబట్టి ఇక్కడి ఆడవాళ్ల కథను తమిళానికో తెలుగుకో ఒక్కదానికే రాసివ్వలేం.

నిత్యసుమంగళి: గుడిలో బొట్టు కట్టించుకున్న స్త్రీ, అంటే దేవదాసీ. మొగుడు దేవుడు, ఆయనకు చావు లేదు, కనుక ఈమెకు వైధవ్యం లేదు. వితంతువు ఎదురొస్తే ప్రయాణం మానుకునే లోకం, ఈమె ఎదురైతే శుభమనుకుంది. పెళ్లికూతురి తాళికి ఈమె చేత పూసలు గుచ్చించుకుంది. కానీ తన ఇంటి కోడలిగా మాత్రం తెచ్చుకోలేదు. గౌరవంలోనే వెలి ఉంది. మరో పక్క, ఆ కాలపు గృహిణికి లేనివి ఈమెకు ఉన్నాయి: చదువు, సంగీతం, కూతురికి దక్కే ఆస్తి. డచ్ పండితురాలు సాస్కియా కెర్సెన్‌బూమ్ 1987లో ఇదే పదాన్ని పేరుగా పెట్టి పుస్తకం వేశారు. తిరుత్తణి ఆలయంలో సేవ చేసిన రంగనాయకి జ్ఞాపకాలు, పాటలు ఆ పరిశోధనకు పెద్ద ఆధారం.

కుంభహారతి: కుండ ఆకారపు దీపం. ఊరేగి వచ్చిన స్వామికి పదిమంది కళ్లూ తగిలి ఉంటాయి, ఆ దిష్టి తీయాలి. తీసే పని నిత్యసుమంగళిది. దేవుడికే దిష్టి తగలడం, దాన్ని ఒక ఆడది తీసేయడం! పూజారి చేతిలో మంత్రం ఉంటే ఈమె చేతిలో దీపం ఉంది. హెచ్చరిక, లాలి, మంగళం వంటి పాటలూ ఈ సేవలోవే. దక్షిణాదిలో ఇవి ఎక్కువగా తెలుగు నోట పెరిగిన రకాలు. త్యాగరాజు కూడా హెచ్చరికలు, లాలిపాటలు కట్టాడు. ఇదంతా భక్తి మాత్రమే కాదు, జీతం, మాన్యం ఉన్న కొలువు. ఈ సంగతి గుర్తుంటేనే చట్టం తెచ్చిన నష్టం అర్థమవుతుంది.

దేవుణ్ణి దెప్పి: వ్యాఖ్యానం కాస్త నిలవాల్సిన చోటిది. మద్రాసు ప్రాంతపు దేవదాసీలు క్షేత్రయ్య పదాలను తమ సొత్తుగా కాపాడారు. రాత్రంతా ఎక్కడో గడిపి తెల్లవారి తలుపు తట్టే మువ్వగోపాలుణ్ణి నాయిక ఎన్ని విధాల ఎత్తిపొడుస్తుందో ఆ పదాలు అభినయించేవారికి తెలుసు. సాహిత్యం ఒకటే. కనుబొమ అభినయాన్ని బట్టి అది వేడుకోలు అవుతుంది, లేదా వెక్కిరింత అవుతుంది. రాసింది మగవాడే అయినా ఏది ఎంచాలన్నది ఆడేదాని చేతిలో ఉంది.

తమిళంలో ఏశల్ అనే పాట ఉంది. స్వామి ఇద్దరు భార్యలు, వల్లీ దేవసేనలు, ఒకరినొకరు దెప్పుకుంటారు. ఒకామె వేటగాళ్ల పిల్ల, మరొకామె ఇంద్రుడి కూతురు. మన గంగాగౌరీ సంవాదం విన్నవాళ్లకు ఈ రుచి కొత్తకాదు. సవతులిద్దరూ తిట్టుకుంటుంటే మధ్యలో నవ్వులపాలయ్యేది మొగుడు. అయితే ఈ హాస్యానికి ఓ మచ్చ ఉంది. వల్లిని ఎగతాళి చేసేటప్పుడు ఆమె కులమే ఆయుధం. ఆడవాళ్ల నవ్వంతా విముక్తే అనుకుంటే ఈ ముల్లు కనబడదు.

ఈ దెప్పడం అచ్చులోకి వచ్చిన సందర్భం దేవదాసీ అయిన బెంగళూరు నాగరత్నమ్మది. కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని కందుకూరి వీరేశలింగం అసభ్యమన్నారు. నాగరత్నమ్మ 1910లో దాన్ని పరిష్కరించి ప్రచురించి, మగకవుల శృంగారానికి లేని సిగ్గు ఆడకవికే ఎందుకని నిలదీసింది. సర్కారు ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు.

చట్టం: 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం, ఆలయాలకు బాలికలను అర్పించడాన్ని నిషేధించింది. దాని వెనుక డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఇరవై ఏళ్ల పోరాటం ఉంది. ఆమె తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టినామె. పసిపిల్లకు తన బతుకు తాను ఎంచుకునే వీలు లేకుండా చేయడం అన్యాయమన్న వాదనలో తిరుగులేదు. సేవ మానినా మాన్యం పోకుండా 1929లోనే ఒక చట్ట సవరణ వచ్చింది. మరోవైపు మద్రాసులో దేవదాసీలు సంఘం కట్టి ఈ ప్రయత్నాలను ఎదిరించారు. నాగరత్నమ్మ వారి పక్షానే నిలిచింది. ముత్తులక్ష్మి, నాగరత్నమ్మ ఇద్దరూ స్త్రీల మేలు కోరినవారే. ఒకరు ఒంటికి రక్షణ అడిగారు, ఇంకొకరు కొలువుకు, కళకు.

మెట్లు దిగింది: ఆమె దిగింది, ఆట దిగలేదు. దేవదాసీలు ఆడిన సదిర్ పేరు భరతనాట్యమైంది. రుక్మిణీదేవి 1935లో వేదికనెక్కారు, మరుసటి ఏడు కళాక్షేత్ర పెట్టారు. అగ్రవర్ణ కుటుంబాల ఆడపిల్లలకు నాట్యం తలుపులు తెరుచుకున్నాయి, అది నిజమైన మార్పే. కానీ వడపోతలో శృంగారంతో పాటు ఎత్తిపొడుపూ పలచబడింది. శృంగారాన్ని శుద్ధి చేయాల్సిన అవసరమేమీ లేదని దేవదాసీ పరంపరలోని బాలసరస్వతి చివరిదాకా వాదించింది.

మాతమ్మ: తిరువళ్లూరు, చిత్తూరు జిల్లాల పల్లెల్లో, ముఖ్యంగా తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల్లో, జబ్బు పడిన ఆడపిల్లను మాతమ్మ దేవతకు మొక్కుకుని అర్పించే ఆచారం. పిల్లకు తాళి పడుతుంది, జాతరలో ఆడుతుంది, పెళ్లి ఉండదు. 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ దీనిపై తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది. కొండమీది సేవకు మాన్యం ఉండేది, కొండకింద పిల్లకు మిగిలింది మొక్కు ఒక్కటే. 1947 చట్టం ఒకటి, ఆంధ్రప్రదేశ్‌లో 1988 చట్టం మరొకటి ఉన్నా వాటి చేయి ఈ పల్లెల దాకా సరిగా అందలేదు.

తాత్పర్యం: ఈ వాక్యాన్ని చట్టం వైపు నుంచే చదివితే రంగనాయకి బాధితురాలిగానే మిగులుతుంది, ఆమె పాట కనబడదు. పాట వైపు నుంచే చదివితే మాతమ్మ పిల్ల కనబడదు. నవ్వడానికి గొంతుతో పాటు కాలికింద చోటు కూడా కావాలి. మొగుణ్ణయినా దేవుణ్ణయినా దెప్పి, మర్నాడు అన్నానికి వెతుక్కోనక్కరలేని స్త్రీదే ఆ నవ్వు. ముత్తులక్ష్మీ రెడ్డి అడిగిన భద్రత, నాగరత్నమ్మ అడిగిన స్వేచ్ఛ ఒకే మనిషికి అందే దాకా స్త్రీవాదం సగం పనే చేసినట్టు.